కూరల పెట్టె మీద కూర్చున్న సాంబమూర్తి గారు

లోకంలో ఎదురుపడ్డ మనిషిని ఎవరైనా "బాగున్నారా?" అని అడుగుతారు. కాస్త చనువుంటే "తిన్నారా?" అంటారు. సాంబమూర్తి గారు మాత్రం "సలసలా మరిగించారా?" అంటారు. ఏది మరిగించాలి, ఎందుకు మరిగించాలి, మరిగించకపోతే మధ్యలో ఈయనకేం నష్టం అని మాత్రం పొరపాటున కూడా అడక్కూడదు. అడిగితే ఆ పూటకి మీ పని అయిపోయినట్టే. అందుకే దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళ వెనక వీధిలో ఆయన గొడుగు కనబడగానే జనం దూరం నుంచే "మరిగించాం సార్, మరిగించాం!" అని చేతులూపి పక్క సందులోకి జారుకుంటారు. పాలవాడూ అంతే, సెల్‌ఫోన్ కవర్లు అమ్ముకునేవాడూ అంతే. ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా లేదు. వీధికంతా ఆయన "సలసల సారు".

ఆ వీధి మలుపులోనే అండాలమ్మ కర్రీ పాయింట్. నల్లగొండ దిక్కు పల్లె నుంచి వచ్చి, ఒక గ్యాసు పొయ్యితో మొదలుపెట్టి, హాస్టల్ తిండి సయించని పిల్లలందరికీ పప్పూ కూరా కట్టిస్తూ నిలదొక్కుకున్న మనిషి. చేతిలో గరిటె, నోట్లో మాట, రెండూ వేడిగానే ఉంటాయి. సాంబమూర్తి గారు మొదటిసారి ఆమె దుకాణానికి వచ్చిన రోజు బోణీ కూడా కాలేదు.

"ఏం కట్టాలె సారూ?"

"ఈ పప్పు ఎప్పుడు వండారండీ?"

"పొద్దుగాల."

"తర్వాత మళ్ళీ సలసలా మరిగించారా?"

"మల్ల మల్ల మరిగిస్తే అడుగంటుతది సారూ."

"అడుగంటితే గిన్నె పోతుంది. మరిగించకపోతే మనిషి పోతాడు!"

బోణీ బేరానికి చావు కబురు తెచ్చిన ఈ మహానుభావుణ్ణి గరిటెతో కొట్టాలా, మామూలుగా పంపించాలా అని అండాలమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. పొద్దున్నే గొడవెందుకని పప్పు కట్టి ఇచ్చింది. ఆయన ఇంటికి తీసుకెళ్ళి మరిగించుకుని తిన్నారు. సాయంత్రం మళ్ళీ వచ్చి, "పప్పు అద్భుతమండీ. అడుగంటాక ఇంకా అద్భుతం," అన్నారు. ఆ మాటతో అండాలమ్మ కోపం సగం పోయింది. మిగతా సగం ఆ తర్వాత అవసరాన్ని బట్టి వాడుకుంటూ వచ్చింది.

ఆయన భీమవరం వైపు మనిషి. నగరంలో ఏదో పరిశోధనశాలలో సూక్ష్మజీవుల శాస్త్రవేత్తగా పనిచేసి రిటైరయ్యారు. సర్వీసంతా ఒకే ఒక్క బాక్టీరియాతో కాపురం చేశారు. దాని పేరు క్లాస్ట్రిడియం బొట్యులినం. పెళ్ళి సంగతి ఎవరైనా ఎత్తితే "అప్పట్లో ఖాళీ లేదండీ," అనేవారు. ఆ బాక్టీరియాను ఆయన "మావాడు" అంటారు. మావాడు మట్టిలో పుడతాడట. కూరగాయలకు అంటుకున్న దుమ్ముతో పాటు వంటింట్లో దిగబడతాడట. కాలం బాగాలేకపోతే గింజలా ముడుచుకుని పడుకుంటాడు, మామూలుగా ఉడికించినా చావడు. గాలి తగలని చోటు, పులుపు లేని తిండి, కాస్త వెచ్చదనం దొరికాయా, లేచి కూర్చుని విషం వండుతాడు. అది కడుపులోకి వెళితే ముందు కనురెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది, ఆఖరికి ఊపిరి తీయడం కూడా మన చేతుల్లో ఉండదు. ఆ విషం మాత్రం వేడికి తట్టుకోలేదు. అందుకే సలసల.

ఇదంతా ఆయన మధ్యాహ్నం వేళ, సరిగ్గా గిరాకీ ముంచుకొచ్చినప్పుడే చెప్పేవారు. వెనక పిల్లలు గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడి ఉంటారు. ఈయన గల్లాపెట్టె మీద మోచెయ్యి ఆనించి జన్యువుల్లోకి దిగుతారు.

"మావాడికి విషం తయారుచేసే జన్యువు ఒకటుందండీ అండాలమ్మగారూ. అది ఒంటరిగా ఉండదు. పక్కనే ఒక కాపలా జన్యువు. ఎందుకో చెప్పండి చూద్దాం?"

"నాకేం ఎరుక సారూ. బెండకాయ కట్టన్నా?"

"కట్టండి. మన పొట్టలో ఆమ్లం ఉంటుందా? విషం అక్కడ కరిగిపోకుండా, ఆ కాపలా జన్యువు ఇచ్చిన ప్రోటీను దాన్ని గట్టిగా వాటేసుకుని పేగుల దాకా దాటించేస్తుంది. ఇక మూడోది మేనేజరు జన్యువు. పని ఎప్పుడు మొదలెట్టాలో మిగతావాళ్ళకి అదే చెబుతుంది."

"మా జగన్ కంటె నయమే. మేనేజరని బోర్డు రాయించుకుండు గని పని ఎప్పుడు మొదలువెట్టాల్నో ఆనికే తెల్వదు," అంది అండాలమ్మ, వెనకాల ఫోన్ చూసుకుంటున్న కొడుకు వినేలా.

"కొన్ని రకాల్లో ఆ జన్యువు సొంతింట్లో, అంటే క్రోమోజోములోనే ఉంటుంది. కొన్నింట్లో బయట చిన్న డీఎన్ఏ చుట్టలో కాపురముంటుంది. ఇంకొన్నింట్లో అయితే ఓ వైరస్ దాన్ని నెత్తిన పెట్టుకుని తిరుగుతుంది!"

"గంతేనా! దానికి గూడ కిరాయి కొంపనేనన్నట్టు. పాపం!" అని అండాలమ్మ బెండకాయ మూట ఆయన చేతిలో పెట్టి, "ఎనకకు జరుగు సారూ, పిల్లలకు క్లాసు టైమైతుంది," అని భుజం పట్టి పక్కకు జరిపేది. ఆయన జరిగేవారు. జరిగి, వరసలో రెండోవాణ్ణి పట్టుకునేవారు.

ఆయనుండే అపార్ట్‌మెంట్‌లోనే విజయదుర్గ అని ఒకావిడ ఉంది. కూతురి నిశ్చితార్థం ముందు ఏదో క్లినిక్‌లో నుదుటి ముడతలకు సూదులు వేయించుకుని వచ్చింది. లిఫ్టులో సాంబమూర్తి గారు ఆ నుదురు చూశారు. ఆయన మొహం వెలిగిపోయింది.

"మావాడేగా?" అన్నారు ఆప్యాయంగా.

"ఎవరండీ మీవాడు?"

"మీ నుదుట్లో ఉన్నవాడు! అదే విషమండీ, చిటికెడులో చిటికెడు. చూశారా, మనుషుల్ని చంపేవాడికి ఎంత మర్యాదస్తుల ఉద్యోగం దొరికిందో! పోస్టింగు నుదుటి మీదేనా, కళ్ళ పక్కన కూడానా?"

విజయదుర్గ కోపంతో ఊగిపోయింది. కాని ఎంత ప్రయత్నించినా నుదురు ముడిపడలేదు. ఆవిడకి కోపమొచ్చిందని ఆయనకి తెలిసే దారే లేకపోయింది. పైగా శ్రద్ధగా వింటోందనుకుని లిఫ్టు ఆగినా తలుపు పట్టుకుని మరీ చెప్పారు. ఆవిడ ఆ సాయంత్రమే అండాలమ్మ దగ్గరకు వచ్చి, "ఆ మనిషికి కూర అమ్మకండి, ఊరొదిలి పోతాడు," అంది. అండాలమ్మ పడీ పడీ నవ్వి, ఆవిడకి ఇంకో చెంచా చట్నీ ఎక్కువ వేసింది.

ఆ తర్వాత తేనె గొడవ. ఆటో నడిపే లింగస్వామి మనవడికి ఎల్బీ నగర్‌లో తొట్లె ఫంక్షన్ చేశారు. వంట అండాలమ్మదే. బియ్యంలో పేరు రాశారు, పసివాణ్ణి తొట్లెలో వేశారు, నానమ్మ ఉంగరం తేనెలో ముంచి పిల్లవాడి నాలుకకు రాయబోయింది. అంతే, మూడో వరసలోంచి సాంబమూర్తి గారు లేచి, కుర్చీలు తోసుకుంటూ స్టేజీ ఎక్కి, తేనె సీసా లాక్కుని గడగడా తాగేశారు. ఉంగరం కూడా నాకేశారు. అసలే షుగరున్న మనిషి.

"ఏందయ్యా గిది!" అని లింగస్వామి చెయ్యెత్తాడు.

ఆయన ఏదో చెప్పబోయారు. ఏడాది నిండని పిల్లల పేగుల్లో మావాడు సులువుగా కాపురం పెట్టేస్తాడనీ, తేనెలో ఆ గింజలు ఉండొచ్చనీ ఆయన చెప్పదలచుకున్నది. కాని నోటినిండా తేనె. బయటికి వచ్చింది "మమ్మమ్మమ్మ" మాత్రమే. తేనె మింగి నోరు ఖాళీ చేసుకునేసరికి వినేవాడు లేడు. నగరంలో తేనె కరువైనట్టు పసిపిల్లాడి తేనె కూడా వదల్లేదని చుట్టాలు నెల రోజులు చెప్పుకున్నారు. అండాలమ్మ కూడా వాళ్ళతో కలిసి నవ్వింది. పిచ్చి సారు, ఏం చేస్తాం అనుకుంది.

అంతవరకూ అది నవ్వులాటే. ఆమెకు నవ్వు ఇంకిపోయింది జగన్ వ్యాక్యూమ్ మిషన్ తెచ్చిన తర్వాత.

అప్పటికి దుకాణం పరిస్థితి ఏమీ బాగాలేదు. వీధికి రెండు చివర్లా అద్దాల తలుపుల కర్రీ పాయింట్లు వెలిశాయి. పిల్లలు ఫోన్లో వేలు కదిపితే తిండి మంచం దగ్గరికే వస్తోంది. దుకాణం యజమాని, దసరాకల్లా పుంజుకోకపోతే ఖాళీ చేయాలనీ, మోమోలు అమ్మే కుర్రాడొకడు అడుగుతున్నాడనీ మొహం మీదే చెప్పేశాడు. ఆ మోమోల కుర్రాడు రోజూ సాయంత్రం వచ్చి, ఎదురుగా నిలబడి, దుకాణం వైపు పెళ్ళిచూపులు చూసి పోయేవాడు. ఈ దుకాణం పోతే అండాలమ్మకు నగరంలో ఇంకో ఆధారం లేదు. అప్పుడే జగన్ మిషన్ తెచ్చాడు. కూర కవరులో పోసి, గాలి మొత్తం పీకేసి, మూతి అతికించేస్తుంది.

"హాస్టల్ పిల్లలు ఊర్లకు, పరీక్షలకు పట్టుకపోతరు అమ్మా. గాలి లేకపోతే పురుగెట్ల బతుకుతది? ఊపిరాడక సస్తది. ఫ్రిజ్ గూడ అక్కర్లే!"

గల్లాపెట్టె మీద మోచెయ్యి ఆనించి ఉన్న సాంబమూర్తి గారు ఆ మాట విని ఉలిక్కిపడ్డారు.

"బాబూ, గాలి లేకపోతే చచ్చేవాళ్ళు వేరు. మావాడికి గాలే పడదు. గాలి తీసేసి, పప్పు పెట్టి, పొయ్యి పక్కన వెచ్చగా పడుకోబెడుతున్నావు. వాడికి అత్తారింట్లో కూడా ఇంత మర్యాద జరగదు!"

"నువ్వు ఊకో సార్. కంపెనీలోల్లంత గిట్లనే జేస్తుండ్రు."

"వాళ్ళు పెద్ద యంత్రాల్లో, మన కుక్కర్ల కంటే ఎక్కువ వేడిలో గింజల్ని కూడా చంపుతారు. అది చెయ్యకుండా ఇలా బయట పెట్టకూడదు. కనీసం ఫ్రిజ్‌లో పెట్టు నాయనా. అసలు ఈ కూరల్లో వెల్లుల్లి నూనె..."

ఆయన గొంతు పెరుగుతోంది. వరసలో ఉన్న పిల్లలు చెవులు రిక్కించారు. ఎదురుగా మోమోల కుర్రాడు కూడా. అండాలమ్మకు ఎక్కడో కాలింది. గరిటె గిన్నెలో విసిరి బయటికి వచ్చింది.

"సారూ, నీకు దండం వెడతా! రోడ్డు మీద జెప్పుకో, లిఫ్టుల జెప్పుకో. నా దుకాణం ముంగట గా ఇషం మాట ఎత్తకు. ఒక్కడు ఇన్నా ఊరంత అయితది. నా కడుపు మీద కొట్టకు!"

సాంబమూర్తి గారు నోరు తెరిచారు, మూశారు. వీధి చరిత్రలో ఆయన మాట మధ్యలో ఆగడం అదే మొదలు. "తప్పండీ," అని కూర తీసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత కూడా రోజూ వచ్చేవారు. "వంకాయ," అనేవారు, కట్టించుకుని పోయేవారు. పోతూ పోతూ అరమీది ప్యాకెట్ల వైపు ఒక చూపు చూసేవారు. అండాలమ్మను ఆ మౌనం మరీ పరేషాన్ చేసింది. పోనీ ఓసారి మరిగించారా అని అడిగితే బాగుండు అనుకుంది కూడా. కాని అడగమని ఎలా అడుగుతుంది?

ఇంతలో పెద్ద ఆర్డరు తగిలింది. పక్క వీధిలో జోగారావు గారి లేడీస్ హాస్టల్. ఆయనకి ఊళ్ళో ఇంకా చాలా హాస్టళ్ళున్నాయి. ఈ హాస్టల్ పిల్లలు కొందరు బ్యాంకు పరీక్ష రాయడానికి విజయవాడ వెళుతున్నారు. బయట తిండి తిని పరీక్ష హాల్లో కడుపు పట్టుకోకూడదని రెండు రోజుల తిండి ప్యాకెట్లు ఇక్కడే చెప్పారు. "ఇది బాగుంటే మా హాస్టళ్ళన్నిటికీ మీరేనమ్మా," అన్నారు జోగారావు గారు. జగన్ రెచ్చిపోయాడు. ఆలుగడ్డ కూర, వెల్లుల్లి కారం పెట్టిన గుత్తి వంకాయ, ముద్దపప్పు, అన్నీ నాలుగు రోజుల ముందే ప్యాక్ చేసి, పెద్ద ప్లాస్టిక్ పెట్టెలో సర్ది పొయ్యి పక్కన పెట్టాడు. బయట మే నెల ఎండ.

ఆర్డరు తీసుకెళ్ళే సాయంత్రం దుకాణం ముందు సందడి సందడిగా ఉంది. జోగారావు గారు స్వయంగా వచ్చారు. పరీక్షకు వెళ్ళే పిల్లలు బ్యాగులతో దిగారు, వాళ్ళకి పెద్ద తేజస్విని. ఎల్బీ నగర్‌లో బస్సెక్కాలి. జగన్ పెట్టె తెచ్చి బల్ల ముందు పెట్టాడు. అప్పుడే సాంబమూర్తి గారు వంకాయ కోసం వచ్చారు. పెట్టెను చూశారు. వంగి, మూత కాస్త జరిపి, ఒక్కో ప్యాకెట్టునూ బొటనవేలితో నొక్కడం మొదలుపెట్టారు.

అండాలమ్మ చుట్టూ చూసింది. వరసలో ఇంతమంది, ఎదురుగా జోగారావు, అవతల మోమోలవాడు. ఈయన నోరు తెరిచి ఆ ఒక్క మాట అన్నాడంటే ఇక తాళం వేసుకుని ఊరికి బస్సెక్కడమే. సాంబమూర్తి గారు తలెత్తి ఆడపిల్లల వైపు చూశారు. అండాలమ్మ వైపు చూశారు. నోరు తెరిచారు.

"ఇవన్నీ నావి," అన్నారు.

"ఏమిటీ?" అన్నారు జోగారావు గారు.

"నేను ముందే చెప్పుకున్నానండీ. మా... మా వియ్యంకుడి గృహప్రవేశం."

"మీకు పెళ్ళే కాలేదు కదండీ! వియ్యంకుడెక్కణ్ణించి ఊడిపడ్డాడు?"

పాపం, సాంబమూర్తి గారికి అబద్ధాలాడే అలవాటు లేదు. మొదటిదే బొక్కబోర్లా పడింది. చెమట తుడుచుకుని రెండోది వెతుక్కున్నారు.

"అయితే... నాకే. నేనే తింటాను."

"ఇన్నీనా?"

"ఆకలేస్తోంది!" అని అరిచి, ఆయన ఆ పెట్టె మీద చతికిలబడి కూర్చున్నారు.

పిల్లలు గొల్లున నవ్వారు. నలుగురైదుగురు ఫోన్లు బయటికి తీశారు. జోగారావు గారి మొహం కందగడ్డయింది. "ఇదేం కక్కుర్తండీ! చదువుకున్నవారు, పెద్దవారు, పరీక్షకెళ్ళే పిల్లల తిండి మీద కూర్చుంటారా?"

"చదువుకున్నవాడికి ఆకలి ఎక్కువండీ!"

"సార్, లెవ్వు సార్, ఇజ్జత్ పోతుంది," అని జగన్ రెండు చంకల కింద చేతులు వేసి లేపబోయాడు. ఆయన పెట్టెను రెండు చేతులా వాటేసుకున్నారు. కళ్ళజోడు ఒక చెవికి వేలాడుతోంది. ఒక చెప్పు రోడ్డు మీదికి పోయింది. అండాలమ్మ కోపంతో దగ్గరికి వచ్చి, "సారూ, నీకేమన్న..." అనబోయింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, తన కండువా కిందకు లాగి, మూత సందులోంచి ఒక ప్యాకెట్టు మీద పెట్టారు.

గాలి పీకేసిన ప్యాకెట్టు చేతికి అట్టలా తగలాలి. అది చిన్నపిల్లల దిండులా ఉబ్బి ఉంది. పక్కది కూడా ఉబ్బే ఉంది. దాని పక్కది కూడా. అండాలమ్మ మూడోదాన్ని మళ్ళీ నొక్కి చూసింది. ఈ సారు పిచ్చికి ఇన్నాళ్ళూ ఎంత నవ్వుకుందో అదంతా ఒక్కసారి గుర్తొచ్చింది. తొట్లెలో పసివాడు గుర్తొచ్చాడు. తలెత్తితే ఎదురుగా తేజస్విని, "ఆంటీ, మా బస్సు పోతది," అంటోంది. ఆ పిల్ల ఈ ప్యాకెట్టే చించుకుని తినేది.

"ఏమ్మా, ఈయనకి ముందే ఇస్తానన్నావా?" అని గద్దించారు జోగారావు గారు.

"అవు సారూ," అంది అండాలమ్మ. "సారువే. నేనే మర్శిపోయిన. మీ పిల్లలకు ఇప్పటికిప్పుడు వేడివేడిగ కడతా. జర ఆగుండ్రి."

ఆ తర్వాత దుకాణంలో యుద్ధమే. మూడు పొయ్యిలూ వెలిగాయి. పులిహోరకు అన్నం ఒక వైపు, చపాతీలు ఒక వైపు, పల్లీల పొడి ఒక వైపు. సాంబమూర్తి గారు మాత్రం పెట్టె మీంచి లేవలేదు. లేస్తే ఎవరైనా ఎత్తుకుపోతారని భయం. కూర్చున్నచోటే ఒళ్ళో గిన్నె పెట్టుకుని చింతపండు పిసికారు. అండాలమ్మ గరిటె పట్టుకుని ఆయన చుట్టూ తిరిగి వండింది.

"పులుపు ఇంకాస్త వేయండి. పులుపుంటే..." అని అలవాటుగా మొదలుపెట్టి, జోగారావు గారిని చూసి, "పులుపుంటే నాకిష్టం!" అని ముగించారు.

తేజస్విని రుచి చూసి, పులుపుకి కళ్ళు మూసుకుంది. "ఆంటీ, పండ్లు గుంజుతున్నయ్!"

"తిను బిడ్డా, బస్సుల నిద్ర రాదు, సదువుకోవచ్చు. గిది రాత్రికే తినేయుండ్రి, మిగిలిస్తే పడేయుండ్రి. రేపు ఆడ వేడిగ ఏది దొరికితే అది తినుండ్రి."

జగన్ వాళ్ళని ఆటోల్లో ఎక్కించుకుని ఎల్బీ నగర్ ఉరికాడు. కదులుతున్న బస్సును చెయ్యి అడ్డం పెట్టి ఆపించి మరీ ఎక్కించి వచ్చాడు. వచ్చేసరికి అమ్మ మొహం చూసి భయపడ్డాడు. ప్యాకెట్టు చూపిస్తే ఇంకా భయపడ్డాడు.

"మరిగిస్తే సరిపోదా సార్? నువ్వే అంటవ్ కద."

"ఉబ్బినదాన్ని మరిగించడానికైనా విప్పకూడదు నాయనా. మావాడే వచ్చాడో, వాడి చుట్టాలెవరైనా వచ్చారో చూస్తే తెలియదు. ఉబ్బనివాటిని కూడా నమ్మను. మావాడు ఒక్కోసారి చడీచప్పుడు లేకుండా పని కానిస్తాడు. అన్నీ రెండేసి కవర్లలో చుట్టి పారెయ్యి, చేతులు సబ్బుతో కడుక్కో."

జగన్ మారుమాట లేకుండా వెళ్ళాడు. అండాలమ్మ స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"సారూ, కనవడ్డోల్లందరికీ గా ఇషం కథ జెప్తవు. ఇయ్యాల జెప్పాల్సిన కాడ నోరు మూసుకుని ఆకలి ఆకలని అరిస్తివేంది?"

"మీరు ఎత్తొద్దన్నారు కదండీ."

"నేనంటే మాత్రం?"

సాంబమూర్తి గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "చెప్తే పిల్లలు బతికేవారు, మీ దుకాణం పోయేది. చెప్పకపోతే దుకాణం ఉండేది, పిల్లలేమయ్యేవారో తెలీదు. రెండూ ఉండాలంటే నా పరువొక్కటే అడ్డంగా కనబడింది. ఈ వీధిలో అదెంత మిగిలిందని?"

అండాలమ్మకు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. ఏడిస్తే కన్నీళ్ళలో ఏయే సూక్ష్మజీవులుంటాయో చెబుతాడని భయపడి, ముక్కు చీది, "కూసో సారూ, నీకు అన్నం పెడతా," అని లోపలికి వెళ్ళింది.

ఇక్కడే ఎవరూ ఊహించనిది జరిగింది. పిల్లలు తీసిన వీడియో తెల్లారేసరికి మూసారాంబాగ్ దాకా ఉన్న హాస్టళ్ళన్నిట్లో తిరిగేసింది. ఒక పెద్దమనిషి కూరల పెట్టె మీద కూర్చుని, చెప్పు పోయినా కళ్ళజోడు జారినా వదలకుండా, ఆకలేస్తోందని అరుస్తున్నాడంటే ఆ కూరలెలాంటివై ఉండాలి! మర్నాడు మధ్యాహ్నానికి వరస వీధి మలుపు తిరిగింది. "తాత కూసున్న కూర ఏది ఆంటీ? అదే కట్టు," అని ఒకటే గోల. అద్దాల తలుపుల కర్రీ పాయింట్లలో ఈగలు తోలుకున్నారు. మోమోల కుర్రాడు రెండు రోజులు చూసి, మూడో రోజు తనూ వరసలో నిలబడి గుత్తి వంకాయ కట్టించుకుని, వేరే వీధి వెతుక్కున్నాడు. జగన్ మిషన్‌లో ఇప్పుడు కంది పొడి, కరివేపాకు పొడి ప్యాక్ చేస్తున్నాడు. తడి లేనిచోట మావాడికి ముద్ద దిగదని సాంబమూర్తి గారే సర్టిఫికెట్ ఇచ్చారు.

అండాలమ్మకు మాత్రం లోపల పీకుతూనే ఉంది. ఆయన్ని తిండిపోతని అందరూ నవ్వుతుంటే ఒకసారి జోగారావు గారితో అసలు సంగతి చెప్పేయబోయింది. సాంబమూర్తి గారు ఆమెను పక్కకి పిలిచి చెవిలో ఖండితంగా చెప్పారు. "చెప్పారంటే మళ్ళీ మొదటికొస్తుంది. ఇన్నేళ్ళూ పిచ్చివాడనేవారు. తిండిపోతు అంటే నాకు ప్రమోషనే అండీ."

ప్రమోషనంటే మాటలా? బాధ్యతలు కూడా ఉంటాయి. మొన్న జోగారావు గారు ఎల్బీ నగర్‌లో కొత్త హాస్టల్ తెరిచారు. వంట అండాలమ్మదే. ఆయన కోపం చల్లారి, సాంబమూర్తి గారిని ప్రత్యేకంగా పిలిచి, మొదటి వరసలో మొదటి ఆకు దగ్గర కూర్చోబెట్టారు. "ఈసారి పెట్టె ఎక్కనక్కర్లేదండీ, తృప్తిగా కానివ్వండి!" అని పక్కనే నిలబడ్డారు. పరీక్ష పాసైన తేజస్విని, ఆమె స్నేహితురాళ్ళు ఫోన్లు పట్టుకుని చుట్టూ మూగారు. సాంబమూర్తి గారి షుగరుకూ వయసుకూ రాత్రి రెండు పుల్కాలే ఎక్కువ. ఆయన మొహం పాలిపోయింది. తినకపోతే అబద్ధం బయటపడుతుంది, తింటే ప్రాణం మీదికొస్తుంది.

"వడ్డించమ్మా, ఆయనకి చెయ్యి ముడుచుకోకు!" అని కేకేశారు జోగారావు గారు.

అండాలమ్మ అన్నం గంగాళం తానే ఎత్తుకుని వచ్చింది. వంగి, కొంగు అడ్డం పెట్టి, ఆకులో నాలుగు మెతుకులు వేసింది. వాటి చుట్టూ పెద్ద పెద్ద అప్పడాలు గోపురంలా నిలబెట్టింది. వాటి మీద పలచగా అన్నం పరిచి, ఆ పైన పప్పు పోసి, పైన నెయ్యి చుక్క వేసి పక్కకు తప్పుకుంది. చూసినవాళ్ళకి అది కొండ. హాలంతా చప్పట్లు కొట్టింది.

సాంబమూర్తి గారు భయం భయంగా వేలు పెట్టారు. కరకరమంది. లోపలంతా డొల్ల. ఆయన తలెత్తి అండాలమ్మను చూశారు. అండాలమ్మ గరిటె పైకెత్తి, నవ్వు పెదవుల కింద నొక్కిపట్టి నిలబడి ఉంది.

"సాలదా సారూ? ఇంకింత ఎయ్యన్నా?"

"వెయ్యండి వెయ్యండి," అన్నారు సాంబమూర్తి గారు, చొక్కా చేతులు మడుచుకుంటూ. "నాకు మొహమాటం లేదు!"